మా గల్లీలో రెండో పిల్లలమర్రి

మహబూబ్‌నగర్‌కు చుట్టాలు వస్తే పిల్లలమర్రికి తీసుకువెళ్లడం మా ఆనవాయితీ. సుమారు ఏడు వందల ఏళ్ల చెట్టు. ఊడలు దిగి దిగి అసలు మాను ఏదో గుర్తుపట్టలేం. ఇక అంత దూరం పోనక్కర్లేదని పురావస్తు శాఖ వారికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. మా గల్లీ మలుపులోని కరెంటు స్తంభానికి ఆ లక్షణాలన్నీ ఉన్నాయి. వయసొక్కటే తక్కువ. అసలు స్తంభం ఏదో ఇక్కడా తెలియదు.

తవ్వకాల లెక్కన చూస్తే అడుగు పొర రాగి. ల్యాండ్‌లైన్ ఫోన్ల నాటి తీగలు, రెండేసి కలిపి పురి పెట్టినవి. ఆ పురి అందానికి కాదు, 1881లో గ్రాహం బెల్ పేటెంటు పొందిన కిటుకు. మెలిక పడ్డ రెండు తీగల మీద బయటి విద్యుత్ గోల దాదాపు సమానంగా పడుతుంది. అవతలి కొసన రెండింటి తేడానే లెక్కలోకి తీసుకుంటారు కనుక గోల కొట్టుకుపోతుంది. కంప్యూటర్‌ను నెట్‌కు కలిపే ఇప్పటి ఈథర్‌నెట్ కేబుల్లో ఇలాంటి జతలు నాలుగు. పక్క జత మాటలు చెవిన పడకుండా ఒక్కో జతకు ఒక్కో తీరున పురి పెడతారు. అంత ఒరుసుకుని బతుకుతూ పక్కవాళ్ల మాటలు వినకపోవడం మా గల్లీలో ఈ తీగలకు తప్ప మరెవరికీ చేతకాలేదు.

రెండో పొర కోయాక్సియల్, అంటే కేబుల్ టీవీ రోజుల నల్ల తీగ. నడుమ రాగి, చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దాని మీద లోహపు వల, పైన నల్ల తొడుగు. ఈ జాతి మా వీధిలో పూర్తిగా అంతరించిందని నా నిశ్చితాభిప్రాయం. ప్రస్తుతం దాని మీద లుంగీలు ఆరుతున్నాయి. తీగ వేసినవాడికి డబ్బులిస్తారు గాని, తీసినవాడికి ఎవరిస్తారు?

పై పొర గాజు, అదే ఫైబర్. ఆ పోగులో వెలుగు నడిచే దారి వెడల్పు సుమారు తొమ్మిది మైక్రాన్లు, వెంట్రుకలో ఎన్నో వంతు. వేగం సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు. గాజులోని మలినాలు తీసేస్తే వెలుగు దూరాలు పోగలదని 1966లోనే చూపిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ ఇచ్చారు. ఆ నోబెల్ వెలుగును మావాళ్లు సుతిలి తాడుతో కట్టి, మిగిలిన తీగను చుట్ట చుట్టి స్తంభానికి తగిలించారు. గాజు పోగును మరీ వంచితే వెలుగు ఆ వంపులోంచి కారిపోతుంది. ఈ సంగతి కోతులకు ఎవరూ చెప్పలేదు. అవి ఆ చుట్టలో కూర్చుని ఊగుతాయి. 2018లో చెదలు పట్టిన పిల్లలమర్రికి సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. మా స్తంభానికి తెల్లటి జాయింటు డబ్బాలు ఇప్పటికే వేలాడుతున్నాయి, మందొక్కటే రావాలి.

“మాకు తీగల గొడవే లేదు, వైఫై ఉంది” అంటాడు పక్కింటి కుర్రాడు. ఆ వైఫై డబ్బా వెనక ఉన్న తీగ ఈ స్తంభానికే వస్తుందని వాడికి చెప్పి నిద్ర పాడుచేయడం ఎందుకు? మా ఇంటివి తాతగారు కట్టించిన రాతి గోడలు, రెండడుగుల మందం. వైఫై వాడే రెండు తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ దానికి వేగం ఉంది గాని గోడ దాటే ఓపిక లేదు. 2.4 గిగాహెర్ట్జ్ది కాస్త దాటుతుంది గాని, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌దీ దాదాపు అదే తరంగం, అన్నం వేడయ్యేదాకా ఆగాలి. కనుక మా ఇంట్లో వైర్‌లెస్ అంటే కిటికీ పక్కన ఉన్న ఒక కుర్చీ.

భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని మీదుగా ప్రశ్న పోయి జవాబు రావడానికి అర సెకను చాలు. మా ఇంట్లో నెట్ పోయిందని ముప్పై అడుగుల స్తంభం మీద ఇచ్చిన ఫిర్యాదుకు నాలుగు రోజులు పట్టింది.

అయిదో రోజు కుర్రాడొకడు నిచ్చెనతో వచ్చాడు. మా ఇంట్లో పెన్ను లాంటిదొకటి ఫైబర్ కొసకు తగిలించి ఎర్ర వెలుగు పంపాడు. పైకెక్కి చూస్తే చుట్టలో ఒకచోట ఎర్రగా మెరుస్తోంది, సరిగ్గా కోతి కూర్చునే చోటే. అడ్డంగా ఉన్న నల్ల తీగను పట్టుకుని, “ఇది మీదేనా సార్?” అని అడిగాడు.

“అది చచ్చి చాలా కాలమైంది, కోసెయ్యి బాబూ” అన్నాను, శాస్త్రజ్ఞుడి ధీమాతో.

కటింగ్ ప్లేయర్ టక్కుమంది. ఎదురింటి అరుగు మీదికి పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

“ఎవరయ్యా అది? వార్తలు పోయాయి!”