స్టీలు గ్లాసు సరే, మైకు దగ్గరికి ఎప్పుడు?

ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగు అసోసియేషన్‌లో నాకో పేరుంది, స్టీలు గ్లాసు ఆంటీ అని. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా నా కంచం, గ్లాసు బ్యాగులో ఉంటాయి. 2019 ఉగాది భోజనాలయ్యాక కంచం కడుక్కుని బయటికొస్తే, హాలు వెనక నల్ల సంచులు గోడెత్తున పేర్చి ఉన్నాయి. ఒకటి చిరిగి, పులిహోర అంటుకున్న ఫోమ్ (థర్మాకోల్ లాంటి) ప్లేట్లు బయటపడ్డాయి. వాటిలో తగ్గింది నా ప్లేటు ఒక్కటే. ఆ రోజు నా మీద నాకే నవ్వొచ్చింది.

కేటరర్‌ని ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. "ఫోమ్ చవకండీ, సాంబారు కారదు" అనేవాడు. అతని లెక్క అతనిది. 2022 మే 4న న్యూజెర్సీలో ప్లాస్టిక్ సంచులు, ఫోమ్ ప్లేట్లు, డబ్బాలు నిషేధించారు. పెద్ద కిరాణా షాపుల్లో కాగితం సంచి కూడా ఇవ్వకూడదు. ఆ తర్వాతి పార్టీకి అదే కేటరర్ మొక్కల నార గుజ్జుతో చేసిన ప్లేట్లు తెచ్చాడు, నేనేమీ అడక్కుండానే.

అప్పటి గవర్నర్ మర్ఫీ ఆ చట్టం మీద సంతకం పెట్టింది 2020 నవంబర్‌లో. అంతకుముందే ఎన్నో ఊళ్లు సొంతంగా ఇలాంటి ఆర్డినెన్సులు (ఊరి స్థాయి చట్టాలు) తెచ్చుకున్నాయి. ఆ ఊళ్లలో ఎవరో ఒకరు సాయంత్రంపూట కౌన్సిల్ మీటింగుకి వెళ్లి, మైకు ముందు నిలబడి అడిగారు. నాకు తెలిసి మనవాళ్లం ఆ పని పెద్దగా చెయ్యలేదు.

మా ఊరి కౌన్సిల్ మీటింగుకి నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండు పేజీలు రాసుకుని వెళ్లాను. ఇచ్చేది మూడు నిమిషాలు. మేం ఈ ఊరికి ఎప్పుడొచ్చామో చెప్పేలోపే టైమరు మోగింది. పరువు పోయిందనుకున్నాను. రెండోసారి కాగితం లేదు, చేతిలో ఒక ఫోమ్ ప్లేటు. "ఒక్క పూట మా భోజనాలకి ఇలాంటివి ఎన్ని సంచులో తెలుసా?" అని మొదలుపెట్టాను. క్లర్కు తలెత్తి చూసింది. హాల్లో నాతోపాటు రిటైరైనవాళ్లు నలుగురు, హైస్కూల్ ఆడపిల్లలు ఇద్దరు. మా వీధిలో సగం తెలుగిళ్లే, అక్కడ మాత్రం నేనొక్కదాన్నే.

అడిగితే "వీసా మీద ఉన్నాం అక్కా, మనకెందుకు టెన్షన్" అంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ మీటింగులో కొంత సమయం జనానికి ఇవ్వాలని ఈ రాష్ట్ర చట్టమే చెబుతోంది. ప్లేట్ల గురించి మాట్లాడ్డానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు రిలే దీక్షలు చేశారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్లాంటు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా ఆ రోజే. వాళ్లు పణంగా పెట్టినదాంతో పోలిస్తే మనల్ని అడుగుతున్నది మూడు నిమిషాలు.

చట్టం వస్తే అంతా బాగుపడిందని కాదు. సరుకులు డెలివరీ తెప్పించుకునేవాళ్ల గరాజుల్లో ఇప్పుడు మళ్లీ మళ్లీ వాడమని ఇచ్చే దళసరి సంచులు గుట్టలు. మా ఇంట్లోనూ ఉన్నాయి, ఎన్నో చెప్పను. అది కూడా మళ్లీ వెళ్లి అడగాల్సిన విషయమే.

ప్రస్తుతం నా పట్టుదల వంటింటి చెత్త మీద. కూరల తొక్కలు, మిగిలిన అన్నం చెత్తదిబ్బలో మూతపడి కుళ్లితే మీథేన్ వస్తుంది. పెద్ద ఎత్తున తిండి వృథా చేసే సంస్థలు దాన్ని వేరు చెయ్యాలని 2021 నుంచి రాష్ట్రంలో రూలుంది, ఇళ్లకి లేదు. ఇంటింటి నుంచీ దాన్ని వేరుగా తీసుకెళ్లే బండి పెట్టమని మా టౌన్‌షిప్‌ని అడగబోతున్నాను. మన కమిటీ ఒక తీర్మానం రాసి, అధ్యక్షుల సంతకంతో ఇస్తే నేను తీసుకెళ్తాను. సంబరాలకి వేల మందిని పోగేసే సంఘం కౌన్సిల్ మీటింగుకి పదిమందిని పంపలేదా?

వచ్చే నెల రెండో మంగళవారం, సాయంత్రం ఏడింటికి. నా కారులో నాలుగు సీట్లు ఖాళీ. దార్లో టీ నేనే ఇప్పిస్తాను, గ్లాసులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.