ఐసు మీద పాలకుండ

హీరో హీరోయిన్ చేయి పట్టుకున్నది 217వ పేజీలో. ఊరికే అనడం లేదు, పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. అది కూడా ప్రేమ పుట్టి కాదు, ఆమె ఐసు మీద జారి పడబోయింది కాబట్టి. పట్టుకున్న చేతిని 218లోనే వదిలేశాడు. పుస్తకం మొత్తం 412 పేజీలు.

ఈ అమెరికా ప్రేమ నవల మా మేనకోడలు ఇచ్చింది. "హాకీ కథ మామయ్యా, మీకు నచ్చుతుంది" అని చేతిలో పెట్టి కాలేజీకి వెళ్ళిపోయింది. హాకీ అనగానే నాకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు. 1928, 1932, 1936 ఒలింపిక్ స్వర్ణాలు, పచ్చిక, జట్టుకు పదకొండు మంది. ఇదేమో ఐస్ హాకీ, ఇందులో బరిలో దిగేది ఆరుగురే. కాళ్ళ కింద గడ్డకట్టిన నీళ్ళు. బంతి బదులు రబ్బరు బిళ్ళ. అది ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్నీ ఫ్రీజర్లో పెడతారట. హీరో మనసును ఫ్రీజర్లో పెట్టింది ఎవరో రచయిత్రి మూడో అధ్యాయంలో చెబుతుంది. వాళ్ళ నాన్న.

ప్రేమ సన్న సెగ మీద నెమ్మదిగా రాజుకునే ఇలాంటి కథను స్లో బర్న్ అంటారట. ఆ పని మనకు కొత్త కాదు. మా అమ్మమ్మ ఇంట్లో దాలి ఉండేది. పొద్దున పిడకల సెగ మీద పెట్టిన పాలకుండ సాయంత్రానికి ఎర్రబడి, పైన మందంగా మీగడ కట్టేది. అయితే అమ్మమ్మ అరగంటకోసారి మూత తీసి, "కాగుతున్నాయి, కానీ కాగకూడదు, మా స్నేహం చెడిపోతుంది" అని కన్నీళ్ళు పెట్టుకునేది కాదు.

నా అసలు అభ్యంతరం ఇది. అబ్బాయికి ఇరవై ఒకటి, అమ్మాయికి ఇరవై. ఇద్దరికీ వేర్వేరు గదులున్నాయి, అబ్బాయికి కారుంది. కులం అడిగేవారు లేరు, జాతకాల ఊసు లేదు, కిటికీలోంచి చూసే ఎదురింటి పిన్నిగారు లేరు. ఇన్ని సౌకర్యాలు పెట్టుకుని మూడు వందల పేజీలు ఏం చేస్తున్నట్టు? కారణం ఒక్కటే చూపించారు. అమ్మాయి కోచ్ కూతురు, జట్టులో ఎవరూ ఆమె వంక చూడకూడదు. అంతే! ఆ కోచ్ చేతిలో ఈల తప్ప ఏమీ లేదు.

విశాఖలో ఒక జంట ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చోవడం ఎంత పనో ఆ రచయిత్రికి తెలియదు. ముంత మసాలా కలిపే ఆయన చూస్తాడు. నడకకు వచ్చిన పెదనాన్న చూస్తాడు. ఆయన పక్కన నడిచే ఎల్‌ఐసీ ఏజెంటు చూస్తాడు. ఒడ్డున మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి టిక్కెట్ల వరుసలో నిలబడ్డ నరసన్నపేట చుట్టాలు చూడటమే కాదు, ఫోటో తీస్తారు. సూర్యుడు కైలాసగిరి ఎక్కేలోపు ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. అయినా మన పిల్లలు ఎలాగో రిజిస్ట్రారు ఆఫీసు దాకా చేరుకుంటున్నారు. కాబట్టి నాదొక ప్రతిపాదన. అమెరికా ప్రేమకథల్లో అడ్డంకుల కొరత తీవ్రంగా ఉంది, మన దగ్గర గోదాముల నిండా నిల్వలున్నాయి, పోర్టు పక్కనే ఉంది. ఒక్క మేనత్తను ఓడ ఎక్కించినా చాలు, మూడు సంపుటాలు వస్తాయి.

ఓపిక విషయంలో కూడా ఈ ఊరికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఉద్యమం చేశాం. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. జాతికి అంకితమైంది 1992లో. రైల్వే జోన్ ప్రకటన 2019లో వస్తే దాని ప్రధాన కార్యాలయానికి పునాదిరాయి 2025లో పడింది. ఈ లెక్కన 217వ పేజీలో చేయి పట్టుకోవడం తొందరపాటు.

ఐసు గురించి తెలియకుండా విమర్శ రాయడం న్యాయం కాదనిపించి ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాను. మనిషి నడుము ఎత్తు ఐసు దిమ్మలను యంత్రంలో వేసి పొడి చేసి బోటులోకి దింపుతున్నారు. గోనెపట్టా కప్పుకున్న ఒక పెద్దాయనకు కథ క్లుప్తంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఐసు కరిగేలోపు చేప పడాలి బాబూ, లేకపోతే డీజిలు డబ్బులు కూడా రావు" అన్నాడు. ఇంతకన్నా మంచి సాహిత్య విమర్శ ఈమధ్య నేను వినలేదు. మరబోట్ల మీద వేట నిషేధం కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులే. ఏ రోజున ఎత్తేస్తారో ముందే చెబుతారు. నవలలో ఆ మర్యాద లేదు.

ఒక్కచోట మాత్రం నేను ఓడిపోయాను. ఈ ఆటలో చిన్న తప్పు చేస్తే రెండు నిమిషాలు పక్కనున్న గాజు పెట్టెలో కూర్చోబెడతారు. హీరో అందులో కూర్చున్న రెండు నిమిషాలకు రచయిత్రి పదకొండు పేజీలు ఖర్చు పెట్టింది. అతను చేతికున్న దళసరి తొడుగు తీస్తాడు. తడి వేలు గాజుకు ఆనిస్తాడు. అవతల ఆమె చూడనట్టు జుట్టు ముడి విప్పి మళ్ళీ వేసుకుంటుంది, అది అంతకుముందే బాగుంది. గాజు మీద వేలిముద్ర పొగమంచులా నిలిచి మెల్లగా ఆరిపోతుంది. ఆ పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. పరిశోధన కోసం.

మాది పావుగంట పెళ్ళిచూపులు, ఇరవై రోజుల్లో ముహూర్తం. అందుకే ఇలాంటివి మా ఆవిడకు పట్టవనుకున్నాను. నిన్న రాత్రి 340వ పేజీలో ఉండగా లోపలి నుంచి గ్యాస్ రసీదు ఒకటి జారింది. అది 371 దగ్గర ఉంది. నేను పెట్టింది కాదు.

వంటింట్లోకి వెళ్ళి, "ఇంకా ఏమీ జరగలేదా?" అని అడిగాను.

"చెబితే ఏముంటుంది, చదవండి" అంది, నా వైపు తిరగకుండా, పాల గిన్నె కింద మంట ఇంకాస్త తగ్గిస్తూ.