22 ఏళ్ల వాడి చేతిలో రంగు పెన్సిళ్లు

ఇప్పుడే తమ్ముణ్ని ఇంటికి తీసుకొచ్చాను. వాడు లైట్లు ఆర్పేసుకుని పడుకున్నాడు. నాకు మాత్రం ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

తలకు దెబ్బ తగిలిన యువత కోసం కలయిక అని పిలిచారు. వెళ్లి చూస్తే పక్షవాతం నుంచి కోలుకుంటున్న పెద్దవాళ్లు పదిమంది, మధ్యలో మావాడొక్కడు. పాపం, వాళ్లను ఏమీ అనను. కుర్చీ జరిపి కూర్చోబెట్టింది వాళ్లే. నా కోపమంతా నిర్వాహకుల మీద. 22 ఏళ్ల వాడి చేతిలో సీతాకోకచిలుక బొమ్మ, రంగు పెన్సిళ్లు పెట్టి, "గీత దాటకుండా వెయ్యి నాన్నా, గుడ్ బాయ్" అట! పైగా దానికో ఫొటో. మాట వెతుక్కోడానికి నాలుగు సెకన్లు ఎక్కువ పడితే నాలుగేళ్ల పిల్లాడైపోయినట్టా?

ఇక మైకు సంగతి చెప్పక్కర్లేదు. శబ్దం తట్టుకోలేని వాళ్లను పిలిచి, స్పీకర్ పక్కన కూర్చోబెట్టి, రెండు గంటల ఉపన్యాసం. వాడి అలసట ఓ కునుకు తీస్తే పోయేది కాదు. రేపంతా ఇక మంచమే.

వాడికి కావలసింది ఏమంత పెద్దది? సందడి లేని గది, పేకముక్కలు, తనలాంటి దెబ్బే తిన్న ఈడువాళ్లు ఇద్దరు ముగ్గురు. ఒకసారి థెరపీ దగ్గర అలాంటి కుర్రాడు కలిశాడు. ఎవరి మతిమరుపు ఎక్కువో ఇద్దరూ పందెం వేసుకున్నారు. మావాడు చెప్పిందే మూడోసారి చెప్తే "అది అయిపోయింది, కొత్తది చెప్పు" అన్నాడా అబ్బాయి. మేం అదే మాట అంటే వాడికి ఏడుపొస్తుంది. అతను అంటే పగలబడి నవ్వాడు.

చుట్టాలకైతే "మైల్డ్ అన్నారుగా, ఇంకా ఏంటి?" అని ఆశ్చర్యం. ఆ మైల్డ్ అనేది తలకు దెబ్బ తగిలినవాళ్లకి స్పృహ ఎంతుందో కొలవడానికి 1974లో వచ్చిన గ్లాస్గో స్కేలులో 13 నుంచి 15 మధ్య మార్కులు. కళ్లు తెరిచాడా, జవాబు చెప్పాడా, చెప్పినట్టు చెయ్యి కదిపాడా, అంతే. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే జోకు అందుకోగలడా అని అందులో ఎవరూ అడగరు.

1848లో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినప్పుడు అమెరికాలో రైలుమార్గం పనిచేసే ఫినియాస్ గేజ్‌కి 25 ఏళ్లు. "మనిషే మారిపోయాడు" అని అందరూ కథలు చెప్తారు. ఆ తర్వాత చిలీలో ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలాడని ఎంతమంది చెప్తారు?

మావాడి ఫ్రెండ్స్‌దీ అదే పాట. "వాడు మారిపోయాడక్కా." ఆస్పత్రిలో ఉన్నప్పుడు వరండా నిండా వాళ్లే. మూడో నెలకు ఇద్దరు మిగిలారు. తర్వాత వాడు లేకుండా వాట్సాప్‌లో కొత్త గ్రూప్ పెట్టుకున్నారు. వాడింకా పాత గ్రూప్‌లోనే "ఆదివారం ఎవరు ఖాళీ?" అని అడుగుతాడు. అడిగిన సంగతి మర్చిపోయి మళ్లీ అడుగుతాడు. ఇవాళ లెక్కపెట్టాను, పదకొండుసార్లు. అన్నిటికీ నీలం టిక్కులు.

ఇది కూడా చదువుతారని తెలుసు తమ్ముళ్లూ. లైకులు కొట్టకండి.