‘సైనసేలే’ అని తేల్చేస్తే ఎలా?

తల పట్టేస్తే సైనస్. ముక్కు బిగిస్తే సైనస్. చెప్పులు తొడుక్కోడానికి వంగితే కళ్ల కింద బరువుగా పోటు పెట్టినా సైనసే. అసలది జబ్బు పేరే కాదు. నుదుట, చెంపల్లో, కళ్ల మధ్య, ముక్కు వెనక లోతున అందరికీ ఉండే గాలి గదులవి. లోపలి పొర వాచి, దారి పూడుకుపోయి చీమిడి నిలిస్తే వచ్చేది సైనసైటిస్. ఇంత మాత్రం తెలుసుకోకుండా ‘సైనసేలే’ అంటూ మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు ముదిరిపోయింది. మా ఆందోళన అదే.

సైనసైటిస్‌కు ఎక్కువసార్లు మూలం జలుబు వైరస్. దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చీమిడి పచ్చబడితే బాక్టీరియా చేరినట్లేనన్నది అపోహ. పది రోజులైనా తగ్గకపోయినా, తగ్గినట్లే తగ్గి తిరగబెట్టినా, 102 డిగ్రీల జ్వరం, చిక్కటి చీము మూడు నాలుగు రోజులు వదలకపోయినా అప్పుడు అనుమానించాలి. తేల్చాల్సింది డాక్టరు. రెండో రోజే మాత్ర మింగితే జలుబు ఆగదు సరికదా, సూక్ష్మజీవులు మొండికేసి, ప్రాణం మీదికొచ్చిన రోజున ఆ మందే పనికిరాకుండా పోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లే తీరిక, స్తోమత అందరికీ ఉండవంటారు. నిజమే. కానీ అక్కర్లేని మందుకు పెట్టే ఖర్చు మాత్రం ఎవరిని ఉద్ధరిస్తోంది?

‘సైనసేలే’ అన్న మాట చాటున దాగేవి ఇంకా ఉన్నాయి. సైనస్ తలనొప్పి అనుకుని ఏళ్ల తరబడి భరిస్తున్నది చాలామందిలో మైగ్రేన్. ఒకవైపు ముక్కు నుంచే దుర్వాసనతో చీము కారుతుంటే పైదవడ పన్ను పుచ్చి ఉండొచ్చు. ముక్కు దిబ్బడ వదిలించే చుక్కల మందు వారం పది రోజులు వాడితే అదే దిబ్బడ తెచ్చిపెడుతుంది. దిండు పక్కన ఆ సీసా లేనిదే నిద్రపట్టని స్థితికి చేరినవాళ్లున్నారు. సైనసైటిస్ 12 వారాలు దాటితే అది దీర్ఘకాలిక వ్యాధి. అలర్జీ, ఉబ్బసం, పొగతాగడం, ముక్కులో కండ పెరగడం, దూలం వంకర... ఏది కారణమో పరీక్షిస్తేనే తెలుస్తుంది. మధుమేహం అదుపులో లేనివారిని ఫంగస్ కాటేసే ముప్పూ ఉంది.

కన్ను వాచినా, చూపు రెండుగా కనిపించినా, మెడ బిగిసినా, మనిషి మగతలోకి జారినా అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. సైనస్‌లకూ కంటిగూటికీ మధ్య ఉన్నది కాగితమంత ఎముకే. రెప్ప వాచిన పిల్లాడికి ‘సైనసేలే’ అని ఆవిరి పట్టి పడుకోబెట్టే పెద్దలారా, చీటీ అడగకుండా మాత్రలు చేతిలో పెట్టే దుకాణదారులారా, రేపు ఆ చూపు పోతే ఏ మాత్రతో తెచ్చిస్తారు?