సవరణ: ఫిల్లర్లన్నీ కరగవు

మొన్న ఫిల్లర్ల (ముడతలు, పల్లాలు పూడ్చడానికి చర్మం కింద ఎక్కించే ఇంజెక్షన్ల) గురించి రాస్తూ "గడ్డ కడితే హయాల్యురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించేస్తారు" అన్నాను. అది తప్పు. ఆ మందు హయాల్యురోనిక్ ఆమ్లం ఫిల్లర్లనే కరిగిస్తుంది. కాల్షియం హైడ్రాక్సిలాపటైట్, సిలికాన్ లాంటి వేరే రకం ఫిల్లర్ల మీద పనిచేయదు.

మా కూకట్‌పల్లి పిన్ని మూడుసార్లు వేయించుకుంది. ఏడాది తర్వాత చెంపలో శనగగింజంత గడ్డ, వేలికి గట్టిగా తగులుతోంది. ఏం ఎక్కించారో చెప్పే చీటీ కూడా లేదు, అదే నా బాధ. మీరు వేయించుకుంటే ఆ ఫిల్లర్ ప్యాకెట్ మీది స్టిక్కర్ అడిగి దాచుకోండి.

ఇంకోటి, మరీ ముఖ్యం. నొప్పికి ఐస్ పెట్టమన్నాను. సూది వేశాక చర్మం తెల్లబడినా, వలలా నీలిమచ్చలు తేలినా రక్తనాళం మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఐస్ వద్దు, నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. రేపటిదాకా ఆగకండి, వెంటనే డాక్టరుకి చూపించండి. చూపు మసకబారితే క్షణం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. నా మాట నమ్మి ఐస్ పెట్టుకున్నవాళ్లుంటే క్షమించండి.