‘నీరసం’ అన్న ఒక్క మాట చాలదు

నీరసంగా ఉందంటే చాలు, హైదరాబాద్‌లో చాలా గల్లీ క్లినిక్‌లలో ఓ సెలైన్ సీసా, బలానికో సూది. అది అలసటా, కండరాల బలహీనతా అని అడిగేవారు తక్కువ. వాడుకలో రెండూ నీరసమే, వైద్యంలో దారులు వేరు.

అలసిన మనిషి కష్టంగానైనా లేస్తాడు. కండరం బలహీనపడితే లేవాలనుకున్నా లేవలేడు. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించాల్సి రావడం, ఆర్టీసీ బస్సు మెట్టెక్కడానికి కడ్డీ పట్టి ఒళ్లంతా లాక్కోవడం, జడ వేసుకుంటుంటే చేతులు వాలిపోవడం: ఇవి తుంటి, భుజాల కండరాల లోపానికి గుర్తులు. ఇళ్లలో కమోడ్‌లు వచ్చాక గొంతుక్కూర్చుని లేచే పని తప్పింది, దాంతో ఈ లోపం నెలల తరబడి బయటపడటం లేదు. థైరాయిడ్, విటమిన్ డి, పొటాషియంతోపాటు కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమును కొలిచే సీపీకే పరీక్ష కూడా చేయించాలి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మందు వాడుతుంటే, అది కండరాలను దెబ్బతీయొచ్చు కాబట్టి, ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

పిల్లల విషయంలో మరో పొరపాటు జరుగుతోంది. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు పెరిగాయని కాలేయానికి మందులు వాడతారు. ఆ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయి. మూడు నాలుగేళ్ల మగపిల్లాడు తరచూ పడిపోతూ, పిక్కలు లావెక్కి, తొడల మీద చేతులు వేసుకుంటూ లేస్తుంటే సీపీకే చూడాలి. అది వేలల్లో ఉంటే డుషెన్ కండర క్షీణత అనే జన్యువ్యాధిని అనుమానించాలి.

పొద్దున బాగుండి, సాయంత్రానికి రెప్పలు వాలి, ఒకటి రెండుగా కనిపించి, నమిలేకొద్దీ దవడ అలసిపోతుంటే నరాల నుంచి కండరాలకు సంకేతం సరిగా అందని మయస్థీనియా అనే జబ్బు కావచ్చు. కళ్లద్దాలు మార్చితే పోయేది కాదు. సిప్రోఫ్లాక్ససిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు దీన్ని ముదర్చగలవు. మింగలేకపోయినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా, కాళ్ల నుంచి పైకి రోజుల్లోనే బలం తగ్గిపోతున్నా ఆ క్షణమే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

దీర్ఘకాలిక అలసట వ్యాధి వేరు. ఆరు నెలలు దాటిన అలసట, నిద్రపోయినా తీరదు. చిన్న పనికే, చాలాసార్లు ఒకటి రెండు రోజుల తర్వాత, మనిషి మంచాన పడతాడు. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. అందుకే ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు, ‘కాస్త నడిస్తే అదే పోతుంద’ంటారు. ఆ సలహా హాని చేస్తుంది. వ్యాయామాన్ని ముందే నిర్ణయించిన లెక్కన పెంచుకుంటూపోయే చికిత్సను ఈ వ్యాధికి వాడవద్దని, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే ‘నైస్’ సంస్థ 2021లోనే చెప్పింది.

బస్తీ దవాఖానాల్లో రెండు నిమిషాల పని మొదలుపెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. నీరసమని వచ్చినవారిని చేతులు కట్టుకుని ఐదుసార్లు కుర్చీలోంచి లేవమనాలి, నిమిషంపాటు పైకి చూడమనాలి. లేవలేకపోయినా, రెప్ప వాలినా సెలైన్ పెట్టి పంపకుండా న్యూరాలజీ విభాగానికి చీటీ రాయాలి.