కాంప్లెక్స్ డేటా, పనసకాయ, పోయిన పాచిక

ముందే ఒక విషయం క్లియర్ చేసేస్తా. నేను మూడేళ్ళు ప్రాజెక్ట్ ఫెలోగా పనిచేసింది "కాంప్లెక్స్ డేటా" మీద. ఈ మాట ఇంకే ఊళ్ళో చెప్పినా జనం అర్థం కాకపోయినా గౌరవంగా తలూపుతారు, వైజాగ్‌లో మాత్రం చెప్పకూడదు, ఎందుకంటే ఇక్కడ కాంప్లెక్స్ అంటే ఒకటే, ఆర్టీసీ కాంప్లెక్స్. ఒకసారి మద్దిలపాలెంలో ఆటో ఎక్కితే, ఏం చేస్తన్నావు బాబూ అని డ్రైవర్ అడిగాడు, కాంప్లెక్స్ డేటా మీద రీసెర్చ్ అండి అని నోరు జారాను. "ఏటి, కాంప్లెక్స్ డేటాయా? దానికి రీసెర్చి ఎందుకు బాబూ, ఇరవయ్యేళ్ళ బట్టి ఆ గేటు కాడే ఉంటన్నాను, ఏ బస్సు ఎప్పుడొస్తాదో నాను సెప్తాను రాసుకో" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నా గానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆయన పరిస్థితే నయం. ఇరవయ్యేళ్ళ డేటా ఉంది, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో రాసిచ్చే కాగితం, ముద్దుగా యూసీ) అడిగేవాడు లేడు.

దీనికి తోడు 2025 అక్టోబర్‌లో గూగుల్ వాళ్ళు విశాఖలో ఏఐ హబ్ పెడతాం, ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తాం అని ప్రకటించారు కదా, ఆ రోజు నుంచి డేటా అనే మాటకి ఊళ్ళో ఎకరం రేటు వచ్చేసింది. ఎంవీపీ కాలనీలో ఉండే మా పిన్ని అయితే సంబంధాల వాళ్ళకి "మావాడు డేటాలోనే ఉన్నాడండీ" అని చెప్పడం మొదలెట్టింది. గూగుల్లోనా అండీ అని అడిగితే "ఇంకా బిల్డింగ్ కట్టలేదు కదండీ, అందాకా కాలేజీలో కూర్చున్నాడు" అందట. తప్పేం లేదు, అఫీషియల్‌గా నేను చేస్తున్నది కూడా అదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మేథ్స్ వాళ్ళకి సెర్బ్ (రీసెర్చ్‌కి డబ్బులిచ్చే కేంద్ర ప్రభుత్వ బోర్డు) ఉన్న రోజుల్లో మాట్రిక్స్ అని ఒక స్కీమ్ ఉండేది, ఏడాదికి 2 లక్షలు, మూడేళ్ళు. మంచి స్కీమే, తక్కువ డబ్బు తక్కువ గొడవ అని పెట్టారు. డేటా దాచిపెట్టే గోడౌన్‌కి 1500 కోట్ల డాలర్లు, ఆ డేటాలో ఏది నిజమో ఏది భ్రమో తేల్చేవాడికి ఏడాదికి 2 లక్షలు, అందులోనే కాన్ఫరెన్స్‌కి స్లీపర్ క్లాస్ టికెట్. నేను కంప్లైంట్ చెయ్యట్లేదు. ధాన్యం గోడౌన్‌కి తాళం ఏసీ రూములో పెట్టి, వడ్లు ఏవో తాలు ఏవో చెరిగే మనిషిని ఎండలో కూర్చోబెట్టడం మనకి కొత్తా ఏంటి.

సరే అసలు ఈ కాంప్లెక్స్ డేటా ఏంటి అంటారా. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలు అంటారు కదా పెద్దవాళ్ళు, మొత్తం పాత స్టాటిస్టిక్స్ అంతా ఆ మెతుకే. గిన్నెలో నీళ్ళు అన్ని మెతుకులకీ ఒకేలా తగిలాయి కాబట్టి అది పనిచేస్తుంది. కాంప్లెక్స్ డేటా దమ్ బిర్యానీ లాంటిది, పైన మెతుకు వేరు అడుగు మెతుకు వేరు, మధ్యలో ముక్క ఉడికిందో లేదో ఏ మెతుకూ చెప్పదు. ఇంకా ఘోరం ఏంటంటే చాలాసార్లు మెతుకులే ఉండవు. ఒక హాస్పిటల్ స్టడీలో పేషెంట్లు 60 మంది, ఒక్కొక్కరి దగ్గర కొలిచిన జీన్లు 20 వేలు. అంటే 60 మంది పెళ్ళికొడుకుల్ని తెచ్చి ఒక్కొక్కడి గురించి 20 వేల ప్రశ్నలు వేసినట్టు. అన్ని ప్రశ్నలు వేస్తే ఎవడికైనా ఏదో ఒకటి కలుస్తుంది, ఎడమ చెవి మీద పుట్టుమచ్చ ఉన్నవాళ్ళందరికీ జీతం లక్ష దాటింది అని కూడా వస్తుంది, పేపర్లో హెడ్డింగ్ కూడా వస్తుంది. అది నిజమా కాకతాళీయమా అని చెప్పడమే మా పని, అందుకే మమ్మల్ని ఏ ఫంక్షన్‌కీ పిలవరు.

ఈ ఫీల్డులో కొన్ని నిజాలు వింటే మనవాళ్ళే కనిపెట్టారేమో అనిపిస్తాయి. 1956లో చార్లెస్ స్టైన్ అనే ఆయన నిరూపించాడు, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ సంబంధం లేని వాటిని అంచనా వెయ్యాలంటే, ఏది దాని డేటాతో అది విడిగా వేసుకునే కంటే అన్నీ కలిపి కొంచెం ఒకవైపుకి లాగితే మొత్తం మీద తప్పు తగ్గుతుంది అని. అంటే గాజువాక ఆటో చార్జీ, సింహాచలం చందనోత్సవం క్యూ, మా మేనమామ కొడుకు ఎంసెట్ ర్యాంక్, ఈ మూడూ కలిపి లెక్క కడితే విడివిడిగా కట్టినదాని కంటే బాగుంటుంది. స్టాటిస్టిక్స్ వాళ్ళకి ఉన్నంత నమ్మకం ఉమ్మడి కుటుంబం మీద మా తాతయ్యకి కూడా లేదు.

ఇప్పుడు పనసకాయ దగ్గరికి వద్దాం, అసలు వ్యాసం ఇదే.

పూర్ణా మార్కెట్లో ఒక పనసకాయ కొన్నారు అనుకోండి. లెక్క ఈజీగా ఉండాలని అది గుండ్రంగా ఉంది అనుకుందాం, లోపల పిక్కలు జిగురు వదిలేద్దాం, మా ఫీల్డులో ముందు అన్నీ వదిలేస్తాం. తొక్క మందం మొత్తం రేడియస్‌లో 5 శాతం. మామూలు ప్రపంచంలో, అంటే పొడవు వెడల్పు ఎత్తు అనే మూడు డైమెన్షన్లలో (డేటాలో అయితే కొలిచిన ఒక్కో విషయం ఒక్కో డైమెన్షన్), 0.95ని మూడుసార్లు గుణిస్తే 86 శాతం దాకా లోపలి పండు, మిగతాది తొక్క, చేతికి నూనె రాసుకుని కోసుకోవచ్చు. అదే 10 డైమెన్షన్ల పనసకాయ అయితే 0.95ని పదిసార్లు గుణించాలి, పండు 60 శాతానికి దిగిపోయింది. 100 డైమెన్షన్లు అయితే? పండు అర శాతం కంటే కాస్త ఎక్కువ, 0.6 శాతం. మిగతా 99.4 శాతం తొక్కే. కాయ అదే, తొక్క మందం అదే, డైమెన్షన్లు పెరిగేసరికి తినడానికి ఏం మిగల్లేదు. ఇలాంటి వింతలన్నిటికీ రిచర్డ్ బెల్‌మన్ అనే గణితవేత్త 1950ల్లోనే డైమెన్షన్ల శాపం అని పేరు పెట్టేశాడు. శాపం అనే మాట సైన్సులో ఊరికే వాడరు, ఆయనకి కూడా ఏదో గ్రాంట్ రిలీజ్ అవ్వాల్సి ఉండి ఉంటుంది.

మా సార్ ఈ పనసకాయ క్లాసులో చెప్తున్నప్పుడు నాకు జ్ఞానోదయం అయింది. ఒక ప్రాజెక్ట్ ఫైల్ ఒక్కో టేబుల్ దాటినప్పుడల్లా మిగిలిన టైములో ఒక్క 5 శాతమే పోతుంది అనుకోండి, ఎవర్నీ తప్పు పట్టక్కర్లేదు, అందరూ మంచివాళ్ళే, ఒకాయన లంచ్‌కి వెళ్ళాడు, ఒకావిడ లీవ్, ఒకాయన సంతకం పెట్టాడు గానీ డేట్ వెయ్యలేదు. 14 టేబుళ్ళు దాటేసరికి సగం కంటే తక్కువ మిగులుతుంది. మా ఫైల్‌కి ఎన్ని టేబుళ్ళో నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టడానికి పర్మిషన్ ఏ టేబుల్ దగ్గర తీసుకోవాలో తెలీక. శాపం డేటాలో లేదు, డేటా పాపం అమాయకురాలు. రీసెర్చ్ అనే పండు మధ్యలో ఎక్కడో 0.6 శాతం ఉంటుంది, మేం మూడేళ్ళు చేతికి నూనె రాసుకుని తొక్క కోశాం.

కాబట్టి నా సీరియస్ ప్రతిపాదన ఏంటంటే, ఇప్పుడు ఆ సెర్బ్ బదులు కొత్తగా అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది, 2023 చట్టం, ఐదేళ్ళలో 50 వేల కోట్లు లక్ష్యం, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం బయట నుంచే రావాలి అన్నారు. ఆ 50 వేల కోట్లు ఎప్పుడు ఎక్కడ ఎవరికి చేరతాయి అనే రాండమ్ ప్రాసెస్ మీద అర్జెంటుగా ఒక ప్రాజెక్ట్ ఇవ్వాలి. ప్రాబబిలిటీలో ఇంతకంటే కష్టమైన సమస్య నాకు తెలీదు. బస్సుల మీద అయితే ఒక థియరీ ఉంది, సగటున 10 నిమిషాలకో బస్సు వస్తున్నా, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఇష్టమొచ్చినట్టు, పాయిసాన్ అనే గణితవేత్త లెక్క ప్రకారం వస్తుంటే, స్టాపుకి మీరెప్పుడు వెళ్ళినా సగటున 5 నిమిషాలు కాదు 10 నిమిషాలు ఆగాలి, ఎందుకంటే పెద్ద గ్యాప్‌లోనే మీరు వెళ్ళి నిలబడే ఛాన్స్ ఎక్కువ. రెండో ఏడాది గ్రాంట్ కూడా ఇదే ఫార్ములాలో వస్తుంది అనుకున్నాం. కాకపోతే బస్సు స్టాపులో నిలబడ్డవాడిని, ముందు బస్సు ఎక్కినట్టు ప్రూఫ్ చూపించు అప్పుడు ఇంకో బస్సు పంపుతాం అని ఎవరూ అనరు.

రివ్యూ మీటింగ్ ముచ్చట ఒకటి. కమిటీలో ఒక పెద్దాయన ప్రపోజల్ తిరగేసి, ఎక్విప్‌మెంట్ కాలమ్ ఖాళీగా ఉందేంటి, పరికరాలు లేకుండా పరిశోధన ఎలా చేస్తారు అన్నారు. మా సార్ వినయంగా, పెన్సిల్ పేపర్ సార్, మిగతాది ఆలోచన అన్నారు. "ఆలోచన ఏ హెడ్ కింద చూపిస్తారు?" అని అడిగారాయన. ఇది జోక్ కాదు, నిజంగా అడిగారు, మా సార్ రాత్రి పదింటిదాకా ఆలోచించి కంటింజెన్సీ, అంటే చిల్లర ఖర్చులు, అని రాశారు.

ప్రోగ్రెస్ రిపోర్ట్‌కి మాత్రం మా సబ్జెక్ట్ అద్భుతంగా పనికొస్తుంది. 1967లో మార్చెంకో, పాస్తుర్ అని ఇద్దరు చెప్పారు, డేటాలో అసలు ఏ విశేషం లేకపోయినా, అంతా ఉత్త నాయిస్ అయినా, కాలమ్‌లూ వరసలూ సమానంగా ఉంటే కోవేరియన్స్ మాట్రిక్స్ (ఏ కాలమ్ దేనితో కలిసి మారుతుందో చూపే పట్టిక) ఐగెన్‌వాల్యూలు (ఏ దిక్కున డేటా ఎంత చెదిరిందో చెప్పే అంకెలు) అన్నీ 1 దగ్గర ఉండాల్సింది పోయి 0 నుంచి 4 దాకా పరుచుకుంటాయి అని. అంటే లోపల ఏం లేకపోయినా ఏదో ఉన్నట్టు కనపడుతుంది. మా 40 పేజీల యాన్యువల్ రిపోర్ట్ చదివినవాళ్ళకి ఈ థీరమ్ ప్రూఫ్ అక్కర్లేదు.

సి.ఆర్. రావు గారి పేరెత్తకుండా విశాఖలో స్టాటిస్టిక్స్ వ్యాసం ముగించడం పాపం. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న మనిషి, తెల్లారి నాలుగింటికి అమ్మ లేపి దీపం వెలిగించి చదివించేదట. ఎం.ఏ. లెక్కలు ఫస్ట్ ర్యాంకులో పాసై రీసెర్చ్ చేద్దామని స్కాలర్‌షిప్‌కి పెట్టుకుంటే అప్లికేషన్ లేటుగా వచ్చిందని ఇవ్వలేదు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు, ఆ ఉద్యోగమూ రాలేదు, అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కంటపడి 1941లో చేరారు. 1945లో ఒకే పేపర్లో, ఏ పక్షపాతం లేని అంచనా అయినా ఎంత తెలివిగా వేసినా తప్పు ఇంతకంటే కిందికి దిగదు అని ఒక గీత గీసేశారు, ప్రపంచమంతా దాన్ని క్రామర్-రావ్ బౌండ్ అంటుంది. 2023లో, 102 ఏళ్ళ వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, అదే ఏడాది ఆగస్టులో పోయారు. తప్పుకి కింద గీత గీశారు గానీ పైన గీత ఆయన గియ్యలేదు, అది ఆఫీసులకి వదిలేశారు. ఆయన్ని తల్చుకున్నప్పుడల్లా మనం గుండె మీద చెయ్యేసుకుని మనవాడు అంటాం. అప్లికేషన్ టైముకి అందుంటే ఇక్కడే ఉండి, ఈపాటికి ఏదో ఒక యూసీలో 11 రూపాయల తేడా సరిచేస్తూ రిటైర్ అయ్యేవారు.

ఇంక నా పాచికల కథ.

జూన్ 29 స్టాటిస్టిక్స్ డే కదా, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ పుట్టినరోజు, స్కూలు పిల్లలకి ఏదైనా చూపిద్దాం అన్నారు సార్. ఆరు పాచికలు ఒకేసారి వేసి టోటల్ రాస్తూ పోతే 21 చుట్టూ గుట్టలా పేరుకుంటాయి, సెంట్రల్ లిమిట్ థీరమ్ పిల్లల కళ్ళ ముందే గంట ఆకారంలో లేస్తుంది. జగదాంబ దగ్గర షాపులో ఆరు పాచికలు కొన్నాం, మొత్తం 60 రూపాయలు. బిల్లు పెడితే కాలేజీ స్టోర్స్ వాళ్ళు మూడు కొటేషన్లు ఏవి అన్నారు. ఇంత చిన్న కొనుగోలుకి కొటేషన్ అక్కర్లేదని జీఎఫ్ఆర్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వ ఖర్చుల రూల్స్‌లో, ఉంది అని సార్ పేజీ తీసి చూపిస్తే, "రూల్ వేరండీ, ఆడిట్ వేరు" అన్నారు స్టోర్స్ ఆయన, చాలా మర్యాదస్తుడు, టీ కూడా ఇప్పించాడు. తర్వాత, ఇవి కన్స్యూమబులా నాన్-కన్స్యూమబులా అన్నాడు. వేస్తే అరగవు కదా అన్నారు సార్. "అయితే నాన్-కన్స్యూమబుల్, స్టాక్ నంబర్ వెయ్యాలి" అని తెల్ల ఎనామిల్ పెయింట్‌తో ఒక్కోదాని మీదా సన్న బ్రష్‌తో నంబరు వేయించాడు. పాచికకి ఖాళీ మొహం ఉండదు కదా, ఆరు చుక్కలున్న వైపు వేశారు, పాతిక అక్షరాలు పట్టించారు, ఆ అటెండర్ చేతి పనితనం మెచ్చుకోవాలి.

పెయింట్ ఎండాక వేసి చూస్తే పాచికలు ఒకవైపే వాలిపోతున్నాయి, ఆరు ఎక్కడుందో కనపడట్లేదు. పిల్లలు సార్ ఇది ఏంటి సార్ అని నంబర్లు చదువుతున్నారు. సార్ స్టోర్స్‌కి వెళ్ళి ఇవి ఇప్పుడు ఫెయిర్ కావండీ అన్నారు. "మరి ఫెయిర్ కానివి ఎందుకు కొన్నారు సార్?" అన్నాడాయన.

ప్రాజెక్ట్ అయిపోయింది. పేపర్లు రెండు వచ్చాయి, వాటి గురించి ఎవరూ అడగలేదు. ఫారం 12-ఏ, అదే యూసీ ఫారం, నింపాం, అకౌంట్లో పడ్డ బ్యాంక్ వడ్డీ తిరిగి కట్టేశాం, అంతా పర్ఫెక్ట్. ఫిజికల్ వెరిఫికేషన్‌కి ముగ్గురు మనుషుల కమిటీ వచ్చి లెక్కపెడితే పాచికలు అయిదే ఉన్నాయి. ఒకటి ఏ పిల్లాడి జేబులో వెళ్ళిపోయిందో. 10 రూపాయల ఆస్తి కనపడట్లేదు కాబట్టి యూసీ ఆగింది, యూసీ ఆగింది కాబట్టి చివరి ఇన్‌స్టాల్‌మెంట్ ఆగింది, అందులో నా నాలుగు నెలల ఫెలోషిప్ ఉంది.

సరే 10 రూపాయలే కదా అని నేనే జగదాంబ వెళ్ళాను. విడిగా అమ్మం, జతే అమ్ముతాం అన్నాడు షాపువాడు. జత కొని ఒకటి మాత్రమే ఇద్దాం అనుకున్నా, బిల్లు రెండింటికి ఉంది, రెండూ ఇవ్వాల్సొచ్చింది. నిన్న స్టోర్స్ నుంచి ఫోన్ వచ్చింది. రిజిస్టర్లో ఆరు ఉంటే చేతిలో ఏడున్నాయి, ఎక్సెస్ స్టాక్‌కి ఎక్స్‌ప్లనేషన్ రాసుకుని రమ్మన్నారు.